కాన్పు తర్వాత కళ్లు తిరగడం తగ్గకపోతే: కారణం పట్టుకోవడం ఎలా, ఈలోగా పడిపోకుండా ఉండడం ఎలా

ప్రసవమైన మొదటి రెండు మూడు రోజుల్లో లేచి నిలబడగానే కళ్లు తిరిగితే పెద్దగా కంగారు పడక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం మామూలుకన్నా 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కాన్పులో అర లీటరు దాకా, సిజేరియన్ అయితే లీటరు దాకా రక్తం పోయినా చాలామంది తట్టుకునేది అందుకే. తర్వాత వారం రోజుల్లో అదనంగా ఉన్న నీరు మూత్రంగా, చెమటగా బయటికి పోతుంది. రక్తనాళాలు ఈ కొత్త లెక్కకు సర్దుకునే దాకా కాస్త తూలుడు ఉంటుంది.

వారం దాటినా అలాగే ఉంటే, తగ్గి మళ్లీ మొదలైతే, రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం అది సర్దుబాటు కాదు. ఏదో కారణం ఉంది. చాలాసార్లు అది దొరుకుతుంది, దొరికితే తగ్గించే మార్గమూ ఉంటుంది. "పచ్చి బాలింత కదా, నీరసం ఉండదా" అని అందరూ సరిపెట్టుకోవడం వల్లే చిన్న చికిత్సతో పోయేది నెలల తరబడి సాగుతుంది.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సినవి

కళ్లు తిరగడంతో పాటు కింది వాటిలో ఏ ఒక్కటి ఉన్నా, తర్వాత చెప్పే డైరీలు, పరీక్షలు పక్కన పెట్టి బయల్దేరండి.

గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద పెద్ద గడ్డలు పడుతున్నా, తగ్గిన రక్తస్రావం మళ్లీ ఎర్రగా ఎక్కువైనా అది ప్రమాదమే. కాన్పు జరిగిన రోజే కాదు, వారాల తర్వాత కూడా ఇలా జరగవచ్చు. పడుకుని ఉన్నా నాడి నిమిషానికి 110 దాటి కొట్టుకోవడం, చేతులు చల్లబడి చెమటలు పట్టడం రక్తం బాగా పోతోందనడానికి గుర్తులు.

తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ల ముందు మెరుపులు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే వెంటనే బీపీ చూడాలి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ మామూలుగా ఉన్నవారికి కూడా కాన్పు తర్వాత ఆరు వారాల లోపు ప్రీఎక్లాంప్సియా (బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) రావచ్చు. 140/90 దాటితే అదే రోజు డాక్టరుకు చెప్పండి. 160/110కి చేరితే అప్పటికప్పుడు అత్యవసర విభాగానికి వెళ్లండి.

మాట తడబడటం, ముఖం ఒక పక్కకు లాగడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, ఫిట్స్, అసలు నిలబడలేకపోవడం మెదడుకు సంబంధించినవి. బాలింత దశలో మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టే అవకాశం మామూలు రోజులకన్నా ఎక్కువ. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమో అని అనుమానించాల్సినవి. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, రెండు కాళ్లూ వాచడం, గుండెదడ కలిసి వస్తే గుండె కండరం బలహీనపడి ఉండవచ్చు. ఇది కాన్పు తర్వాత ఐదు నెలల దాకా బయటపడవచ్చు. 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, స్రావం దుర్వాసన రావడం ఇన్ఫెక్షన్‌కు గుర్తు. స్పృహ తప్పి పడిపోతే, ఒక్కసారే అయినా, చూపించుకోవాల్సిందే.

మూడు రోజులు రాసుకోండి

ఇవేవీ లేవు, కళ్లు తిరగడం మాత్రం వదలట్లేదు అనుకుందాం. డాక్టరు దగ్గర ఆ ఒక్క ముక్కే చెబితే చేతికి వచ్చేది బలం మాత్రలో, తల తిరుగుడు మాత్రలో. ఎలా అనిపిస్తోందో వర్ణించడం ఎవరికైనా కష్టమే. ఒకే మనిషి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా చెబుతుంది. ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు ఉంటోంది, ఏం చేస్తే మొదలవుతోంది అన్న మూడింటిలో అంత తేడా రాదు. కారణాన్ని పట్టిచ్చేవి అవే.

ఫోనులో గానీ కాగితం మీద గానీ వచ్చిన ప్రతిసారీ ఒక్క వరుస రాయండి: సమయం, అప్పుడు ఏం చేస్తున్నారు (లేచారా, పక్కకు దొర్లారా, పాలిస్తున్నారా, స్నానమా), సెకన్లా నిమిషాలా గంటలా, చివరిసారి తిని ఎంతసేపైంది. పక్కనే ఆ రోజు వేసుకున్న మాత్రలు, వేళలతో సహా. "ఉ. 6.10, మంచం దిగగానే, అర నిమిషం, రాత్రి 9 తర్వాత ఏమీ తినలేదు" అంటే చాలు. మూడు రోజులకు ఒక తీరు కనబడుతుంది.

లేచినప్పుడే వస్తుంటే

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. పడుకున్నప్పుడు బాగానే ఉంటుంది, లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి, కూర్చుంటే పోతుంది. నిలబడినప్పుడు బీపీ పడిపోతోందేమో ఇంట్లోనే చూసుకోవచ్చు. చేతికి కట్టే ఆటోమేటిక్ బీపీ మిషన్, పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

ఐదు నిమిషాలు కదలకుండా పడుకుని బీపీ, నాడి చూసి రాయండి. పట్టీ విప్పకుండానే లేచి నిలబడండి. నిలబడిన ఒక నిమిషం తర్వాత ఒకసారి, మూడు నిమిషాల తర్వాత మరోసారి చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడితే నిలబడినప్పుడు బీపీ తగ్గుతున్నట్టే. అందరూ చేసే పొరపాటు ఒకటుంది: నిలబడ్డాక చెయ్యి కిందికి వేలాడదీస్తారు. చెయ్యి గుండెకన్నా కింద ఉంటే మిషన్ బీపీని ఎక్కువ చూపిస్తుంది, అసలు పడిపోయింది దాచేస్తుంది. పక్కనున్నవారు మీ మోచేతిని గుండె ఎత్తులో పట్టుకోవాలి. మధ్యలో కళ్లు తిరిగితే అంకె కోసం ఆగకుండా కూర్చోండి.

బీపీ పడకుండా నాడి మాత్రం 30 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగి, పది నిమిషాలు నిలబడినా దిగకపోతే అదీ రాసుకోండి. బాలింతల్లో దానికి తరచూ రక్తం తక్కువ కావడమో, నీరు తక్కువ కావడమో కారణం. అవి సరైనా నెలల పాటు ఇలాగే ఉంటే పాట్స్ అనే సమస్య ఉందేమో డాక్టరు చూస్తారు.

బీపీ మాత్రలు వాడుతున్నవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కాన్పు తర్వాత బీపీ మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య ఎక్కువగా ఉండి, తర్వాత వారాల్లో దిగుతూ వస్తుంది. పెరిగినప్పుడు రాసిన లాబెటలాల్, నిఫెడిపిన్ మోతాదు అలాగే కొనసాగితే మాత్రే బీపీని మరీ కిందికి లాగేస్తుంది. మాత్ర వేసుకున్న గంటా రెండు గంటలకు కళ్లు తిరుగుతుంటే అనుమానం దాని మీదకే పోవాలి. అలాగని సొంతంగా మానకండి. వారం రోజుల బీపీ అంకెలు చూపించి మోతాదు తగ్గించమని అడగండి.

బీపీ పడే వారికి పని చేసేవి చిన్న పనులే. మంచం దిగే ముందు పడుకునే పాదాలను పైకీ కిందికీ ఇరవై ముప్ఫైసార్లు ఆడించండి. పక్కకు తిరిగి, చేతి ఆసరాతో లేచి, కాళ్లు కిందికి వేలాడేసి ఒక నిమిషం కూర్చోండి. నిలబడ్డాక మంచం పట్టుకుని మరో అర నిమిషం ఉండి అప్పుడు అడుగెయ్యండి. నిలబడి ఉండగా తూలినట్టైతే కాళ్లు కత్తెరలా ఒకదానిపై ఒకటి వేసి, తొడలు, పిరుదులు గట్టిగా బిగించండి. పిడికిళ్లు బిగించినా కొంత సాయమే. అప్పటికీ ఆగకపోతే ఉన్నచోటే కూర్చోండి లేదా పడుకోండి. పరువు కోసం గోడ పట్టుకుని నిలబడితే తల పగిలేది అప్పుడే.

పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 700 మిల్లీలీటర్ల నీరు పాల రూపంలోనే పోతుంది. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ ఒక గ్లాసు తాగితే లెక్క పెట్టుకునే పని ఉండదు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతున్నట్టు, ముదురుగా ఉంటే చాలనట్టు. దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు తాగడం వల్ల పాలు పెరగవు. ఉప్పు పెంచమన్న సలహా బీపీ ఎక్కువైన చరిత్ర లేనివారికే, అదీ డాక్టరు చెబితేనే.

రక్తం సంగతి

ఏ తీరు కనిపించినా సీబీసీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు మాత్రం చేయించుకోవాలి. "డిశ్చార్జి రోజు హిమోగ్లోబిన్ బాగానే ఉంది" అన్న మాట మీద ఆధారపడొద్దు. రక్తం పోయిన వెంటనే అంకె పూర్తిగా తగ్గదు, సెలైన్లు ఎక్కించాక ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది, నీరు బయటికి పోయే వారంలో మళ్లీ మారుతుంది. కళ్లు తిరగడం సాగుతుంటే మళ్లీ చూపించుకోవడమే సరైనది.

కాన్పు తర్వాత హిమోగ్లోబిన్ 10 గ్రాముల లోపు ఉంటే రక్తహీనత కిందే లెక్క. 7కు దిగితే రక్తం ఎక్కించాలా అన్నది డాక్టర్లు ఆలోచిస్తారు. ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఇనుము నిల్వలు అడుగంటినట్టే. అయితే ఒంట్లో వాపు, ఇన్ఫెక్షన్ ఉంటే ఫెరిటిన్ దానంతటదే పెరుగుతుంది కాబట్టి, కాన్పైన తొలి వారాల్లో వచ్చిన మామూలు అంకె భరోసా కాదు.

మాత్రల దగ్గర జరిగే తికమక మోతాదులో ఉంటుంది. 200 మిల్లీగ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ మాత్రలో అసలు ఇనుము దాదాపు 65 మిల్లీగ్రాములే. అట్ట మీద చూడాల్సింది ఎలిమెంటల్ ఐరన్ ఎంత అన్నది. రక్తహీనతకు మామూలుగా రోజుకు 60 నుంచి 120 మిల్లీగ్రాముల ఇనుము ఇస్తారు. ఒక మోతాదు పడ్డాక దాదాపు ఒక రోజు పాటు పేగు ఇనుమును తీసుకోవడం తగ్గిస్తుంది. అందుకే రోజుకు రెండు మూడు మాత్రలు మింగినంత మాత్రాన లాభం రెట్టింపవదు, కడుపు మాత్రం చెడుతుంది. మాత్ర పడనివారికి రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే పని చేస్తుంది. ఈ మార్పు డాక్టరుతో మాట్లాడి చేసుకోండి.

ఖాళీ కడుపున, విటమిన్ సి ఉన్న పండ్ల రసంతో వేసుకుంటే ఎక్కువ ఒంటికి పడుతుంది. టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్రలకూ దీనికీ రెండు గంటల ఎడం ఉండాలి. బాలింతలకు కాల్షియం, ఐరన్ రెండూ రాస్తారు, రెండూ కలిపి ఒకే గుక్కలో వేసుకోవడం ఎక్కడ చూసినా కనిపించే తప్పు. ఒకటి పొద్దున, ఒకటి రాత్రి పెట్టుకోండి. వికారం మరీ ఎక్కువైతే కొంచెం తిన్నాక వేసుకోవచ్చు, మానేయడం కన్నా అది మేలు. మలం నల్లబడటం మామూలే. మలబద్ధకం వస్తుంది, కుట్లున్నవారికి అది నరకం, కాబట్టి మలాన్ని మెత్తబరిచే మందు ముందే అడిగి పెట్టుకోండి.

మూడు నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ 1 నుంచి 2 గ్రాములు పెరగాలి. పెరగకపోతే మాత్ర మింగుతున్నారా, ఎసిడిటీ మాత్ర దాన్ని అడ్డుకుంటోందా, రక్తం ఇంకా పోతోందా, బి12 లోపమా, పుట్టుకతో వచ్చిన థలసీమియా లక్షణమా అని వరుసగా చూడాలి. పెరిగి మామూలుకు వచ్చాక కూడా మూడు నెలలు ఆపకూడదు. హిమోగ్లోబిన్ బాగుందని ఆపేస్తే నిల్వలు నిండవు, రెండు నెలలకు కథ మళ్లీ మొదటికి వస్తుంది. మాత్రలు పడనివారికి, లోపం ఎక్కువగా ఉన్నవారికి సెలైన్‌లో ఇనుము ఎక్కిస్తారు. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోస్ ఎక్కించిన వారాల్లో నిస్సత్తువ పెరిగి ఎముకలు నొప్పెడితే ఫాస్ఫేట్ పరీక్ష అడగండి, ఆ మందుతో అది పడిపోవచ్చు. ఇంట్లో పెద్ద పిల్లలుంటే ఐరన్ మాత్రలు అందని చోట పెట్టాలి. గుప్పెడు మింగినా ప్రాణం మీదకు వస్తుంది.

బి12 గురించి ఒక మాట. పాదాల్లో తిమ్మిర్లు, చీకట్లోనో కళ్లు మూసుకుని ముఖం కడుక్కునేటప్పుడో తూలిపోవడం ఉంటే దాన్ని తప్పక చూపించుకోవాలి. తల్లికి తక్కువైతే తల్లిపాలే ఆధారమైన బిడ్డకూ తక్కువవుతుంది.

పక్కకు దొర్లితే గది గిర్రున తిరుగుతుంటే

పడుకుని ఒక వైపు తిరిగినప్పుడు, పైకి చూసినప్పుడు, బిడ్డను ఎత్తుకోవడానికి వంగినప్పుడు గది మొత్తం తిరిగి నిమిషం లోపే ఆగిపోతే అది రక్తం సంగతి కాదు, చెవి సంగతి. లోపలి చెవిలోని సున్నపు రేణువులు చోటు తప్పి అర్ధవలయాకారపు గొట్టంలోకి జారతాయి. పేరు బీపీపీవీ. బలం మాత్రలూ తల తిరుగుడు మాత్రలూ ఆ రేణువులను వెనక్కి పంపలేవు. తలను ఒక వరుసలో తిప్పి వాటిని బయటికి జార్చడమే చికిత్స. ఏ చెవి, ఏ గొట్టం అన్నది ఈఎన్‌టీ డాక్టరో, శిక్షణ ఉన్న ఫిజియోథెరపిస్టో తేల్చి, మొదటిసారి వారే చేసి చూపడం మంచిది. తర్వాత ఇంట్లో చేసుకునే ఎప్లీ పద్ధతి ఇది. కుడి చెవికి:

1. మంచం మీద కాళ్లు చాపి కూర్చోండి. పడుకుంటే భుజాల కిందికి వచ్చేలా వెనక దిండు పెట్టండి. తల 45 డిగ్రీలు కుడికి తిప్పండి.
2. తల అలాగే ఉంచి వెనక్కి పడుకోండి. భుజాలు దిండు మీద, తల కొంచెం వెనక్కి వాలి పరుపు మీద ఉండాలి. తిరుగుడు వస్తుంది, రావాలి కూడా. అది ఆగాక మరో 30 సెకన్లు ఉండండి.
3. తల ఎత్తకుండా 90 డిగ్రీలు ఎడమకు తిప్పండి. 30 సెకన్లు.
4. ఒళ్లంతా ఎడమ పక్కకు తిప్పి, ముఖం నేలవైపు వచ్చేలా తలను ఇంకో 90 డిగ్రీలు తిప్పండి. 30 సెకన్లు.
5. గడ్డం కాస్త దించి, ఎడమ పక్క నుంచి మెల్లగా లేచి కాళ్లు దించి కూర్చోండి. కొన్ని నిమిషాలు నిలబడొద్దు.

ఎడమ చెవికైతే అన్నీ తిరగేయాలి. రోజుకు మూడుసార్లు చొప్పున, 24 గంటల పాటు తిరుగుడు రాని దాకా చేస్తారు. పని చేయకపోవడానికి ఎక్కువగా కారణం చెవి తప్పుగా అనుకోవడం, లేదా తిరుగుడు భయంతో మధ్యలో తల ఎత్తేయడం. సిజేరియన్ అయినవారు రెండో అడుగులో ఒంటరిగా వెనక్కి వాలకూడదు, పొట్ట కండరాల మీద భారం పడుతుంది. వీపు కింద చెయ్యి వేసి దించే మనిషి ఉండాలి. మెడ ఎముకల సమస్య ఉన్నవారు ఇంట్లో అసలు చేయొద్దు.

లేచి కూర్చుంటే తలనొప్పితో పాటు వస్తుంటే

వెన్నులో మత్తు ఇచ్చిన ఐదు రోజుల్లోపు మొదలై, కూర్చుంటే పెరిగి పడుకుంటే తగ్గే తలనొప్పి, మెడ పట్టేయడం, చెవుల్లో హోరు ఉంటే వెన్ను ద్రవం కారుతోందేమో చూడాలి. నెలల తర్వాత కాదు, ఆ వారంలోనే మత్తు డాక్టరుకు చెప్పండి. తగ్గకపోతే మీ రక్తాన్నే కొంచెం వెన్నులోకి ఎక్కించి ఆ రంధ్రాన్ని మూసే చికిత్స ఉంది.

నెలలు గడిచాక మొదలైతే

రెండో నెలకో ఐదో నెలకో కొత్తగా వస్తే థైరాయిడ్ వైపు చూడండి. కాన్పు తర్వాతి థైరాయిడ్ వాపు చాలామందికి తెలియకుండానే నడుస్తుంది. మొదట, ఒకటి నుంచి ఆరు నెలల మధ్య, హార్మోను ఎక్కువై గుండెదడ, చేతుల వణుకు, చెమటలు. తర్వాత, నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, తక్కువై చలి, మలబద్ధకం, బద్ధకం. ఏడాది తిరిగేసరికి చాలామందికి మామూలవుతుంది, కొందరికి లోటు ఉండిపోతుంది. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 పరీక్షలు చేయించండి. జుట్టు రాలుతోందని బయోటిన్ వేసుకుంటుంటే పరీక్షకు రెండు రోజుల ముందు ఆపాలి, లేకపోతే అంకెలు తారుమారవుతాయి.

కాన్పులో విపరీతంగా రక్తం పోయి షాక్‌లోకి వెళ్లినవారు మరో మాట గుర్తుంచుకోవాలి. పాలు అసలు పడకపోవడం, నెలసరి తిరిగి రాకపోవడం, బీపీ ఎప్పుడూ తక్కువగా ఉండటం, తట్టుకోలేని నిస్సత్తువ కలిసి ఉంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండవచ్చు. ఇది అరుదే గానీ సంవత్సరాల తరబడి బయటపడదు. పొద్దున కార్టిసాల్ పరీక్ష చేయమని మీరే అడగండి.

మిగిలినవి

బిడ్డ చప్పరించడం మొదలుపెట్టిన నిమిషంలో పాలు దిగుతుండగా ఒళ్లు తేలిపోయినట్టు, వికారంగా, విపరీతమైన దాహంగా కొందరికి ఉంటుంది. కాసేపటికే పోతుంది. ఆసరా ఉన్న చోట కూర్చుని లేదా పక్కకు పడుకుని ఇవ్వండి. రాత్రి పాలిచ్చాక వణుకు, ఆకలితో వస్తుంటే తిండి చాలట్లేదు. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 500 కేలరీలు అదనంగా కావాలి. ఇన్సులిన్ వాడేవారికి కాన్పు కాగానే దాని అవసరం బాగా తగ్గిపోతుంది, పాత మోతాదే వేసుకుంటే షుగర్ పడిపోతుంది.

గంటల తరబడి ఉండి, వెలుతురు, శబ్దం భరించలేకపోతే మైగ్రేన్ కావచ్చు. గర్భంలో తగ్గిన మైగ్రేన్ ఈస్ట్రోజెన్ పడిపోగానే తిరిగొస్తుంది. గుండెదడ, ఊపిరి అందనట్టు, వేళ్ల చివర్లు తిమ్మిరెక్కుతూ వస్తుంటే ఆందోళన పాత్ర ఉండవచ్చు. అయితే రక్తం, బీపీ, థైరాయిడ్ చూడకుండా "టెన్షన్" అని తేల్చేసే మాటను ఒప్పుకోకండి. డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి మానేసినా తల తిరుగుతుంది.

బిడ్డతో జాగ్రత్తలు

కారణం తేలే దాకా బిడ్డను ఎత్తుకుని మెట్లు ఎక్కడం, దిగడం వద్దు. ముందు మీరు లేచి, నిలదొక్కుకున్నాక బిడ్డను తీసుకోండి. ఎత్తుకుని ఉండగా తూలితే చుట్టూ చూడకుండా నేల మీదకే కూర్చోండి. వేడినీళ్లు రక్తనాళాలను వెడల్పు చేసి బీపీని దించుతాయి. గోరువెచ్చని నీళ్లతో, స్టూలు మీద కూర్చుని స్నానం చేయండి, తలుపు గడియ వేయొద్దు. బిడ్డకు స్నానం చేయించే పని వేరేవారికి అప్పగించండి. బండి నడపొద్దు.

మందుల షాపుకు వెళ్లే ముందు

సినరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటి తల తిరుగుడు మాత్రలు తీవ్రమైన తిరుగుడు, వాంతులు ఉన్న ఒకటి రెండు రోజులకే. ఎక్కువ రోజులు వాడితే చెవి దెబ్బను సరిదిద్దుకునే మెదడు పని నెమ్మదిస్తుంది. వీటికి మత్తు ఉంటుంది, కాబట్టి వేసుకున్న రాత్రి బిడ్డను మీ మంచం మీద పడుకోబెట్టుకోవద్దు. పాలిస్తున్నానని ముందే చెప్పి మందు రాయించుకోండి. మూడు రోజుల డైరీ, బీపీ అంకెలు, వేసుకుంటున్న మాత్రల అట్టలు, కాన్పు డిశ్చార్జి కాగితం నాలుగూ పట్టుకెళ్లండి. డిశ్చార్జి కాగితంలో రక్తం ఎంత పోయిందో రాయకపోతే, కాన్పు చేసిన చోట అడిగి రాయించుకోండి.